నీరటి పిల్లల విమానం

పరశురాములు విమానం తయారు చేస్తున్నాడన్న కబురు పొద్దున కాలరీ క్వార్టర్లలో బయలుదేరి, పొద్దుగూకేసరికి భూపాలపల్లి బస్టాండు దాకా పోయింది. అందరికంటే ముందు నవ్వింది ఇంట్లోని మనిషే. “గోడకు మొల కొట్టుమంటె ఏలు చితకగొట్టుకున్నోడు విమానం కడ్తడట. కూట్లె రాయి తియ్యనోడు ఏట్లె రాయి తీసినట్టు,” అని భార్య కమల పక్కింటామెకు చెప్పి, చీరలకు గంజి పెట్టుకోవడానికి పెరట్లోకి వెళ్లిపోయింది.

ఆమె మాటలో అబద్ధమేమీ లేదు. గనిలో ఉద్యోగం చేసినంత కాలం పరశురాములు ల్యాంప్‌రూములోనే ఉన్నాడు. కిందికి దిగేవాళ్లకు టోపీ దీపాలు ఇవ్వడం, పైకొచ్చాక తీసుకుని చార్జింగుకు పెట్టడం, ఇదే ఆయన కొలువు. ఉలి పట్టింది లేదు, రంపం పట్టింది లేదు. అలాంటి మనిషి అరవై దాటి, రిటైరై, నడిమింట్లో బల్ల వేసుకుని, దాని మీద పెద్ద నక్షా పరిచి, గుండుసూదులు గుచ్చుతూ కూర్చుంటే జనం నవ్వక ఏం చేస్తారు? ఎందుకని అడిగినవాళ్లకు “మా అక్క కోసం” అనేవాడు. అక్క విమానం ఏం చేసుకుంటుందని అడిగితే మాట మార్చేవాడు. నవ్వుతారని కాదు. చెప్పడం మొదలుపెడితే ఏడుపొస్తుందని భయం.

అక్క పేరు చిలుకమ్మ. మహబూబాబాదులో, అదే మానుకోటలో, కూతురు యమున దగ్గర ఉంటుంది. యమున కలెక్టరాఫీసులో పని చేస్తుంది, తల్లిని కంటికి రెప్పలా చూసుకుంటుంది. ఆదివారం వస్తే అక్కాతమ్ముళ్లు ఫోన్లో మాట్లాడుకోవాల్సిందే. మాట్లాడేందుకు ఏమీ లేకపోయినా ఏం కూర వండారో చెప్పుకునేవారు. రెండేళ్లుగా చిలుకమ్మకు మతిమరుపు పట్టుకుంది. మొదట కూరల పేర్లు పోయాయి, తర్వాత మనుషుల పేర్లు. దీపావళి వెళ్లాక ఒక ఆదివారం ఆమె ఫోన్ ఎత్తి, “ఎవలు మాట్లాడేది?” అంది.

“నేనక్కా, పర్శిని.”

“ఏ పర్శి?”

యమున పక్కనుంచి “అమ్మా, మామనే” అంటోంది. “మామ ఎవలే?” అని చిలుకమ్మ కూతుర్ని అడుగుతోంది. ఆ గొంతులో కోపం లేదు, విసుగు లేదు. దారి తప్పి వచ్చిన ఫోనుకు జవాబు చెప్పే మర్యాద ఉంది. పరశురాములును ఆ మర్యాదే భయపెట్టింది. లోకమంతా ఆయన్ని పరశురాములు అంటుంది, గనిలో ల్యాంప్ అన్న అనేవారు. ‘పర్శిగా’ అని పిలిచే నోరు భూమ్మీద అదొక్కటే మిగిలింది. ఏం చేయాలో తోచక, మునిగేవాడు గడ్డిపోచను పట్టుకున్నట్టు, “అక్కా, మన చెరువుల విమానం దిగింది యాదికున్నదా?” అన్నాడు.

చిలుకమ్మ నెమ్మదిగా, “నీళ్లుండంగ విమానమెట్ల దిగుతది?” అంది. ఫోన్ పెట్టేసింది.

విన్నవాళ్లు పాపం మతి పోయిందనే అనుకుంటారు. పరశురాములు మాత్రం ఫోన్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ మాట వాళ్ల బాపుది. యాభై ఏళ్ల కిందటి మాట, అక్షరం పొల్లుపోకుండా వచ్చింది. అక్క ఎక్కడికీ పోలేదు, లోపలెక్కడో ఆ చెరువు గట్టునే ఉంది. అక్కడికి వెళ్లి ఒక్కసారి పిలవగలిగితే పలుకుతుంది. ఒక్కసారి ‘పర్శిగా’ అంటే చాలని దేవుడికి మొక్కుకున్నాడు. అప్పటినుంచి ఆయనకు వేరే ధ్యాస లేకుండా పోయింది.

డెబ్బై రెండు కరువు తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్లకు చెప్పినా అర్థం కాదు. బచ్చన్నపేట అవతల వాళ్ల ఊరి పెద్దచెరువు ఆ మరుసటి ఎండాకాలానికి పూర్తిగా ఎండి నెర్రెలు బారింది. వాళ్ల బాపు లస్మయ్య ఆ చెరువుకు నీరటి. తూము తీయడం, మూయడం, ఏ మడికి ఎంత నీరు పారాలో చూడటం ఆయన పని. పంట చేతికొచ్చాక రైతులు కల్లంలో కొలిచి పోసే గింజలే ఆయన జీతం. చెరువు ఎండితే నీరటికి పని ఉండదు, ఇంట్లో గింజ ఉండదు. అలాంటి రోజుల్లో ఒక పగలు, ఒక చిన్న పసుపుపచ్చ విమానం ఊరి మీద దగ్గుకుంటూ వచ్చి చెరువు నడిమధ్య దిగింది. ఇంజను చెడిందట. దిగడానికి చదునైన జాగా కోసం పైలట్ కిందికి చూస్తే ఎండిన చెరువే కనిపించింది మరి. దిగీ దిగగానే ఆయన అడిగింది మంచినీళ్లు. ఊళ్లో లేనిది అదే.

ఊరు ఊరంతా కదిలింది. ఆడవాళ్లు విమానం ముక్కుకు పసుపు రాసి బొట్టు పెట్టారు. ఒకామె దేవతకు పోసినట్టు నేల మీద సాక పోసింది. గాలికి కదలకుండా కట్టెయ్యమని పైలట్ అన్నాడో లేదో, పగ్గాలు తెచ్చి, గూటాలు పాతి, ఈనబోయే బర్రెను కట్టేసినంత భద్రంగా కట్టేశారు. పట్నం నుంచి మెకానిక్కు సామాన్లతో వచ్చేదాకా కావలి ఎవరని చర్చ వచ్చింది. చెరువులో ఉన్నది నీళ్లయినా విమానమైనా పూచీ నీరటిదేనని పెద్దమనుషులు తేల్చేశారు.

అలా ఆ విమానం నీరటి పిల్లలదైంది. చిలుకమ్మ పెద్దది, పర్శి ఆమె కొంగు పట్టుకుని తిరిగేవాడు. విమానం రెక్క ఎత్తున, మనిషి కూర్చునే గూడు మీద ఉండేది. దాని కింద నీడ పడేది. చెట్ల ఆకులే రాలిపోయిన ఆ ఏట, ఊరి దాపున అంత చల్లని నీడ ఇంకోటి లేదు. ఆ నీడలో కూర్చుని ఇద్దరూ అంబలి తాగారు. రెక్కకు ఆనుకుని ఏటవాలుగా ఉన్న కర్రలు పట్టుకుని ఊగారు. మెకానిక్కు వచ్చి రెక్క మీది గుడ్డ కొంచెం విప్పితే లోపల సన్నని చెక్క ఎముకలు కనిపించాయి, కరువులో చిక్కిన ఎద్దు పక్కటెముకల్లాగా. చిలుకమ్మ గోటితో గుడ్డ మీద కొట్టి, “డప్పు లెక్క మోగుతందిరా” అంది. పైలట్ ఆమెను ఎత్తి సీట్లో కూర్చోబెట్టాడు, తర్వాత పర్శిని.

విమానం బాగయ్యాక ఊరంతా గంపలు పట్టింది. నెర్రెల్లో మన్ను నింపి, తుమ్మ మొద్దులు పీకి, విమానం పరుగెత్తడానికి దారి చేశారు. అది లేచింది. లేచి వెంటనే పోలేదు. చెరువు మీద ఒక చుట్టు తిరిగింది, తన కోసం మన్ను మోసినవాళ్లకు దండం పెట్టినట్టు. చిలుకమ్మ బాపు భుజం మీది తువ్వాల లాగి తమ్ముడి చేతికిచ్చి, “పర్శిగా, తువ్వాల ఊపురా” అంది. వాడు చెయ్యి నొప్పి పుట్టేదాకా ఊపాడు. విమానం చుక్కంతై, అదీ లేకుండా పోయింది. మళ్ల వస్తదా బాపు అని ఇద్దరూ అడిగితే లస్మయ్య నవ్వి, “చెరువు ఎండి ఉంటె వస్తదేమో. వాన పడ్తది గద బిడ్డా, నీళ్లుండంగ విమానమెట్ల దిగుతది?” అన్నాడు.

ఇక్కడే వచ్చింది చిక్కు. మిరుగు కార్తె దాటినా చినుకు పడకపోయేసరికి ఊరి పిల్లలు కప్పతల్లి ఆడారు. రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇల్లిల్లూ తిరిగితే ఆడవాళ్లు ఉన్న చెంబెడు నీళ్లు దాని మీద పోసి వాన కోసం మొక్కుతారు. రోకలి ముందు కొస చిలుకమ్మ భుజాన ఉంది, వెనక కొస పర్శి భుజాన. నడుస్తూ నడుస్తూ చిలుకమ్మ వెనక్కి తిరిగి, తమ్ముడికి మాత్రమే వినపడేట్టు, “వాన రావద్దని మొక్కురా. నేనెవ్వలికి చెప్ప” అంది. వాన తప్ప వేరే దిక్కు లేని ఇల్లు వాళ్లది. అయినా పిల్లలు పిల్లలే. ఊరంతా వాన కావాలంటుంటే, కప్పను మోసిన ఇద్దరూ వద్దని మొక్కారు.

దేవుడు ఊరి మాటే విన్నాడు. ఆ ఏడు చెరువు నిండి, నీళ్లు పొర్లి మత్తడి దుంకింది. జనం డప్పులతో కట్ట మీద ఆడారు. లస్మయ్య తూము దగ్గర నిలబడి గంగమ్మకు మొక్కుతూ ఏడ్చాడు. కట్ట వెనకాల నీరటి పిల్లలు కూడా ఏడ్చారు. వాళ్ల ఏడుపు వేరు.

ఈ సంగతి పరశురాములు కమలకు కూడా చెప్పలేదు. సిగ్గని కాదు, అది అక్కాతమ్ముళ్ల సొత్తు. చిలుకమ్మ పెళ్లయి మానుకోట వెళ్లింది, ఆయన గనిలో చేరాడు. విమానాన్ని చూసినవాళ్లు ఒక్కొక్కరే పోయారు. చెరువులోకి ఇప్పుడు కాలువ నీళ్లొస్తాయి, ఎండే మాటే లేదు. చెరువులో విమానం దిగిందంటే ఊళ్లో కుర్రాళ్లు కల్లు ఎక్కువైందంటారు. నిజమని తెలిసినవాళ్లు ఇద్దరే మిగిలారు. అక్క కూడా మరిచిపోతే, అది నిజంగా జరిగిందో లేదో పరశురాములుకే అనుమానం వచ్చేలా ఉంది.

చిన్న విమానాల సామాన్లు అమ్మే కొట్టు హైదరాబాదులో ఉందని యమున ఫోన్లో వెతికి చెప్పింది. పరశురాములు తెల్లవారి బస్సెక్కి పోయాడు. కొట్టు యజమాని శశిధర్ ఓపిక గల మనిషి. ఏ మోడల్ కావాలి సార్ అంటే, “పేరు తెల్వది సారు. దాని రెక్క కింద నీడుండె,” అన్నాడు పరశురాములు.

శశిధర్ నవ్వలేదు. రెక్క కిందికి ఉన్నవన్నీ పక్కన పెట్టి, రెక్క పైకి ఉన్నవి మాత్రం బల్ల మీద వరుసగా పెట్టాడు. అందులో ఒకటి అచ్చం అదే పసుపు రంగు. తేలికపాటి థర్మాకోల్ లాంటి దానితో చేసింది. గంటలో బిగించుకోవచ్చు, రిమోట్‌తో ఎటు కావాలంటే అటు తిప్పొచ్చు. పరశురాములుకు ప్రాణం లేచొచ్చింది. చేతిలోకి తీసుకుని రెక్కను గోటితో కొట్టి చూశాడు. మోగలేదు. ఇంకోసారి కొట్టాడు. అటుకుల డబ్బా మూత మీద కొట్టినట్టుంది తప్ప డప్పు మోత లేదు. మనసొప్పక కింద పెట్టేశాడు.

“మోగాలంటే పాత పద్ధతిది కట్టుకోవాలి సార్,” అన్నాడు శశిధర్. “బాల్సా చెక్కతో ఎముకల గూడు చేసి, మీద పల్చటి కాగితం బిగించాలి. రబ్బరు తాడు మెలిపెడితే పంకా తిరిగి ఎగురుతుంది. నెలలు పడుతుంది. మొదటిసారి కట్టేవాళ్లు సగంలో వదిలేస్తారు.” అంటూ ఒక పలక చేతిలో పెట్టాడు. చెక్క అన్నారు గాని బరువే లేదు. జీలుగు బెండులా ఉంది. అక్క పెళ్లిలో బెండుతో చేసిన బాసింగం ఆమె నుదుటికి కట్టేదాకా పర్శే అరచేతుల్లో మోశాడు. ఇప్పుడా పలక పట్టుకుంటే చేతులకు ఆ బరువు గుర్తొచ్చింది. ఇంకేం చూడలేదు. ఆ సామానే మూట కట్టించుకుని ఇంటికొచ్చాడు.

ఇక ఆ తర్వాతి భాగోతం కమల చెప్తేనే బాగుంటుంది. నక్షా మీద ప్లాస్టిక్ కాగితం పరిచి, బ్లేడుతో ఎముకలు కోసి, వాటి స్థానాల్లో నిలబెట్టి, జిగురు పెట్టి, ఆరేదాకా సూదులు గుచ్చి ఉంచాలి. ఆయన కోసినవాటిలో సగం విరిగేవి. విరిగినదాన్ని చూసి పత్తి గోదాం కాలిన సేటంత దిగులుపడేవాడు. సూదులు చాలక కమల కుట్టుడబ్బాలోవన్నీ పోయాయి. మొదట తిట్టింది. తర్వాత, ఒకనాడు రెక్క ఎముకలన్నీ నిలబెట్టి, ఆ వరుసను చూస్తూ ఆయన కళ్లు తుడుచుకోవడం చూసి, వచ్చి రెండో పక్క పట్టుకుంది. ఆనాటి నుంచి సన్నపని ఆమెదే అయింది. “దీని మీద ఇంత పానం పెట్టుకున్నవని చెప్పొచ్చు గద మొదాలే,” అని మాత్రం అంది.

కాగితం అంటించాక దాన్ని బిగదీయడానికి ఒక వార్నీషు పూయాలి. అది నిప్పంటుకునే సరుకు, కొరియర్‌లో రాదు. పరశురాములు పరేషాన్ అవుతుంటే కమల తన చీరలవైపు చూపించింది. “గంజి పెట్టు. నా కాటన్ చీర కర్ర లెక్క నిలబడ్తలేదా?” పలచగా గంజి కాచి, వడగట్టి, దూదితో ఇద్దరూ కలిసి రెక్కకు అద్దారు. ఎండలో పెట్టి, కాసేపయ్యాక పరశురాములు గోటితో కొట్టి చూశాడు. డప్పు మోగింది. అదే మోత. ఆయన ముఖం చూసి కమల కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ సంతోషం పూట కూడా నిలవలేదు. బాగా ఆరేసరికి ఎడమ రెక్క కొస ఎండబెట్టిన అప్పడంలా మెలి తిరిగింది. శశిధర్‌కు ఫోన్ చేస్తే, గంజా సార్ అని కాసేపు నవ్వి, “ఆరేటప్పుడు చెక్కకు బిగించి ఉంచాల్సింది. ఇప్పుడది నేరుగా పోదు. కాగితం చింపి మళ్లీ చేయండి” అన్నాడు. చేసేవాడే. ఆ సాయంత్రమే యమున ఫోన్ చేసింది. “అమ్మ నన్ను సుత ఎవలో అనుకుంటంది మామా. నువ్వు వస్తనంటివి గద, జర తొందరగా రా,” అంది. పరశురాములు మెలి తిరిగిన రెక్కను అలాగే పెట్టెలో సర్దాడు.

హన్మకొండ నుంచి మానుకోట బస్సు కిక్కిరిసి ఉంది. ఆడవాళ్లకు టికెట్ లేని బస్సులో మగవాడికి సీటు దొరకడం కలలో మాట. విమానం సర్దిన చీరల అట్టపెట్టె నెత్తి మీద పట్టుకుని నిలబడ్డాడు. ఒకామె జాలిపడి, “ఏందన్నా గది, బాసింగాలా? ఇటియ్యి, ఒళ్లె పెట్టుకుంట” అని తీసుకుంది. దిగేదాకా ఆయన కళ్లు ఆ పెట్టె మీదే ఉన్నాయి.

చిలుకమ్మ వరండాలో మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. చేతులకు పని గుర్తుంది. తమ్ముణ్ని చూసి కొంగు సర్దుకుంది. “ఎవలయ్యా? మా బిడ్డ ఆఫీసుకు పోయింది. కూసో, చాయ్ తాగిపో,” అంది. బిడ్డ ఆమె పక్కనే నిలబడి ఉంది.

పరశురాములు పెట్టె విప్పాడు. గూడు మీద రెక్క పెట్టి రబ్బర్లతో బిగించి, పసుపుపచ్చ విమానాన్ని అక్క ముందు ఉంచాడు. ఆమె అటూ ఇటూ చూసింది. “మంచిగున్నది. ఎవలి పెండ్లి?” అంది. ఆయన గోటితో రెక్క మీద కొట్టాడు. ఆమె కూడా కొట్టింది, చెవి దగ్గర పెట్టుకుంది, నవ్వింది. పరశురాములు ముందుకు వంగాడు. చిలుకమ్మ విమానాన్ని పక్కన పెట్టి మళ్లీ చింతపండు అందుకుంది.

ఆ క్షణాన ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఇన్ని నెలలు కర్రముక్కలతో ఆడుకునే బదులు, అక్కకు ఎరుక ఉన్నప్పుడే నాలుగు రోజులు వచ్చి ఉంటే ఎంత బాగుండేది! చాయ్ తాగాడు. దాని రుచి తెలియలేదు.

సాయంత్రం యమునే అంది, “ఎట్లాగు తెస్తివి గద మామా, ఒక్కపారి ఎగిరేయ్.” ఇంటి వెనక దున్ని పెట్టిన చేను ఉంది. వానల కోసం చూస్తున్న చేను. గట్టు మీద కుర్చీ వేసి తల్లిని కూర్చోబెట్టింది. పరశురాములు పంకా తిప్పి రబ్బరు తాడు మెలిపెట్టాడు. నేరుగా పోదని తెలుసు. పడితే పడనీ అనుకుని వదిలాడు.

విమానం లేచింది. ఇంటి కప్పు ఎత్తు దాటింది. దాటి, మెలి తిరిగిన రెక్కవైపు ఒరిగి, పక్కకు తిరగడం మొదలుపెట్టింది. అయిపోయింది, ఇక పడుతుంది అనుకున్నాడు. పడలేదు. తిరుగుతూనే పోయి, చేనంతా ఒక చుట్టు చుట్టి వాళ్ల తలల మీదికి వచ్చింది.

వెనక కుర్చీ పడిన చప్పుడైంది. చిలుకమ్మ లేచి నిలబడింది. ముఖం పైకెత్తి, చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తోంది. “పర్శిగా,” అంది, ఎన్నడూ మరిచిపోనట్టే. “ఏం చూస్తున్నవ్ నిలబడి? తువ్వాల ఊపురా.”

పరశురాములు భుజం మీది తువ్వాల తీసి ఊపాడు. నీళ్లు నిండి ఆయనకు కళ్లు కనిపించడం లేదు. విమానం ఎప్పుడు దుక్కిలో వాలిందో కూడా చూడలేదు. అక్క వచ్చి చెయ్యి పట్టుకుంది. పడమట మబ్బు పట్టి ఉంది, గాలిలో తడి మట్టి వాసన. “వాన పడెటట్టే ఉన్నది, రైతులు బతుకుతరు,” అంటూ యమున కుర్చీ సర్దుతోంది. చిలుకమ్మ ఆ మాట విని మబ్బును చూసింది. తమ్ముణ్ని దగ్గరికి లాగి, చెవిలో, “వాన రావద్దని మొక్కురా. నేనెవ్వలికి చెప్ప,” అంది.

నీరటి కొడుకు, ఎండిన చేను గట్టు మీద నిలబడి, వాన వద్దని మనసారా మొక్కాడు. ఆమె చెయ్యి ఆయన చేతిలో అలాగే ఉంది.

ఒక చినుకు పడింది. తర్వాత ఇంకొకటి. దుక్కిలో వాలిన విమానం రెక్క మీద చినుకులు డప్పులా మోగి, గంజి కరిగి, కాసేపటికి మోత ఆగింది. చిలుకమ్మ తడుస్తూ అటే చూస్తోంది. ఆమె చెంపల మీదుగా కన్నీళ్లు కారాయి.

“దేవుడు మన మాట ఎన్నడు వినడురా పర్శిగా,” అంది.

“విన్నడక్కా,” అన్నాడు పరశురాములు.